హాజరైనవారు: సంగయ్య

ఉన్న మనుషుల వల్ల ఈ లోకానికి ఒరిగిందేమీ లేదు. ఇక మీదట ఏ పని జరగాలన్నా లేని మనిషిని పుట్టించుకోవడం ఒక్కటే మార్గమని నేను నిశ్చయానికి వచ్చాను.

నా నోట ఈ మాట వినవలసి వస్తుందని నా పాత మిత్రులు ఊహించి ఉండరు. నలభై ఏళ్లు ఊరూరా తిరిగి, రుజువు లేనిదాన్ని నమ్మకండని చెప్పినవాణ్ణి. విభూతి రాల్చే పటాలను విప్పి లోపలేముందో చూపించాను. బాణామతి తగిలిన ఇళ్లలో భోజనం చేసి అరిగించుకున్నాను. అలాంటి నేను ఇప్పుడు చేతులు కట్టుకుని ఒప్పుకుంటున్నాను: లేనివాడికి ఉన్న శక్తి ఉన్నవాడికి లేదు!

నా మనసు మార్చిన ఘనత ఏ స్వామీజీదీ కాదు. ఫ్యాన్ ఫిక్షన్‌ది.

తెలియనివారి కోసం చెబుతాను. టీవీలో ఒక సీరియల్ నడుస్తూ ఉంటుంది. చూసేవారిలో కొందరికి చూడడంతో తనివి తీరదు. అదే ఇంటిని, అదే అత్తను, అదే కోడలిని తీసుకుని సొంతంగా ఎపిసోడ్లు రాసి, ఫోన్‌లోని కథల యాప్‌లో పెడతారు. వారిలో మరీ సాహసులు అసలు సీరియల్‌లో లేని మనిషిని ఒకణ్ణి తయారుచేసి ఆ ఇంట్లోకి పంపిస్తారు. వాణ్ణి ఒరిజినల్ క్యారెక్టర్ అంటారట.

పెద్దలు దీన్ని కొత్త జబ్బు అంటున్నారు. పరాయివాళ్ల కథలోకి మన మనిషిని తోలడమేమిటి? పిలవని పెళ్లికి వంటమనిషిని పంపినట్టు ఉండదా? చదువుకునే వయసులో పిల్లలు, పని చేసుకునే వయసులో ఆడవాళ్లు ఇలా ఫోన్లు పట్టుకుని లేని మనుషుల్ని కంటూ కూర్చుంటే దేశం ఏమైపోవాలి?

బాగుపడుతుందని నా వాదన. సాక్ష్యం ఇస్నాపూర్‌లో ఉంది. పేరు రవళి.

రవళికి ముప్ఫై ఏళ్లు. డిగ్రీ చదివింది. భర్త బాలరాజ్, అత్త ఆగమ్మలతో కలిసి ఒక కిరాయి గదిలో ఉంటుంది. అత్తాకోడళ్లిద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే ప్యాకింగ్ హాలు. మాత్రల అట్టలు పెట్టెల్లోకి ఎక్కించే పని. కంపెనీ పేరు చెప్పను. గేటు మీద ‘భద్రతే మా మొదటి మాట’ అని రాసి ఉంటుందని మాత్రం చెప్పగలను. ఆ ఆనవాలుతో పటాన్‌చెరు చుట్టుపక్కల ఎవరూ దాన్ని పట్టుకోలేరు.

ఆ హాలుకు రెండు తలుపులు. ముందు తలుపు అందరూ వచ్చిపోయేది. వెనుక తలుపు ప్రమాదం వచ్చినప్పుడు పారిపోయేది. దాని మీద ఆకుపచ్చ బోర్డు, బోర్డులో పరుగెత్తే మనిషి బొమ్మ, బొమ్మ కింద గొలుసు, గొలుసుకు తాళం, తాళానికి అడ్డంగా ఆరు డ్రమ్ములు. బొమ్మలోని మనిషి ఎనిమిదేళ్లుగా పరుగెత్తుతూనే ఉన్నాడు. ఇంకా బయటపడలేదు.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం హాలులో ఒక మిషన్ మోటారు కాలి, ముందు తలుపు వైపంతా పొగ కమ్మింది. నలభై ఇద్దరు ఆడవాళ్లు బోర్డును నమ్మి వెనక్కి పరుగెత్తారు. తాళాన్ని చూసి మళ్లీ పొగలోకి తిరిగారు. ఆ తొక్కిసలాటలో ఆగమ్మ మోకాలు చితికింది. ఎవరూ చావలేదు కనుక దాన్ని ప్రమాదం అనడానికి వీల్లేదని కంపెనీ తేల్చింది.

ఆనాటి నుంచి రవళికి ఆ తలుపు మీదే ధ్యాస. ముందు ఆగమ్మ సూపర్‌వైజర్ పెద్దరాములును అడిగింది. ‘సూద్దాం’ అన్నాడు. మళ్లీ అడిగింది. మళ్లీ సూద్దామన్నాడు. రవళి కాగితం మీద రాసి సలహాల పెట్టెలో వేసింది. ఆ పెట్టెకూ తాళమే. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కంపెనీలో ఎవరికీ తెలియదు.

ఉన్న మనుషులు అడిగితే ఏం జరుగుతుందో చూశారు కదా! ఇక లేని మనిషి దగ్గరికి వద్దాం.

రోజూ సాయంత్రం అత్తాకోడళ్లు చూసే సీరియల్ పేరు ‘వెండిగడప’. పదమూడు వందల ఎపిసోడ్లు దాటింది. కథానాయకుడు విక్రాంత్ పెద్ద ఫ్యాక్టరీ యజమాని. అయితే ఆ ఫ్యాక్టరీని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. విక్రాంత్ సోఫాలో కూర్చుంటాడు, ఎవరో ఫైలు తెస్తారు, చదవకుండా సంతకం పెడతాడు, అంతలో అతని పిన్ని పాలలో ఏదో కలుపుతుంది. ఫ్యాక్టరీ అంటే అంతే.

రవళికి ఇది మింగుడుపడలేదు. ఆ ఫైలులో ఏముంది? ఆ ఫ్యాక్టరీలో ఎవరు పనిచేస్తున్నారు? వాళ్లకు తలుపులు ఎన్ని?

ఇలా పుట్టాడు సంగయ్య. విక్రాంత్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న కార్మికుడు. పొద్దునా సాయంత్రం కంపెనీ బస్సులో, కిటికీ పక్క సీటులో, రవళి అతణ్ణి రాసింది.

మొదటి సంగయ్య మహానుభావుడు. నాలుగు భాషలు వచ్చు. పాలలో కలిపినదేమిటో వాసన చూసి చెప్పగలడు. పదిమంది రౌడీలను స్పానర్‌తో పడగొడతాడు. ఆరో ఎపిసోడ్‌లో విక్రాంత్ అంతటివాడు అతని కాళ్లకు దణ్ణం పెట్టాడు.

అప్పుడు అమీన్‌పూర్ నుంచి హర్షిణి అనే పాఠకురాలు రంగంలోకి దిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ యాప్‌లో ఆమె కామెంటుకు భయపడని రచయిత లేడు.

“అక్కా, మీ సంగయ్యకు అన్నీ వస్తున్నయి. ఇగ ఎగురుడు ఒక్కటే తక్కువ. వచ్చే ఎపిసోడ్‌ల రెక్కలు కూడా పెట్టేయండి” అని రాసింది.

రవళి రెండు రోజులు అలిగింది. మూడో రోజు, “మరి ఎట్ల రాయాలె చెల్లె?” అని అడిగింది.

హర్షిణి చెప్పిన సూత్రాలను నేను స్వయంగా పరిశీలించాను. మన అలంకారశాస్త్రాల్లో కూడా ఇంత స్పష్టత అరుదు. ఒరిజినల్ క్యారెక్టర్ ఉన్న కథను చెడగొట్టకూడదు. కథానాయకుణ్ణి మించకూడదు. అతనికి ఒక లోపం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అతనికి ఒకే ఒక్క కోరిక ఉండాలి, అది తీరకూడదు. తీరితే మర్నాడు ఎవరు చదువుతారు?

రవళి సంగయ్యను మళ్లీ రాసింది. భాషలు పోయాయి, స్పానర్ పోయింది. మిషన్ల మోతకు ఎడమ చెవి చెడింది. ఆ చెవికి ‘చూద్దాం’ అన్న మాట వినిపించదు. అందుచేత అడిగినదే అడుగుతూ ఉంటాడు. ఏమడుగుతాడు? వెనుక తలుపు తీయమని!

ఈ రెండో సంగయ్యకు జనం బ్రహ్మరథం పట్టారు. ప్యాకింగ్ హాలులో అన్నం బెల్లు కాగానే నలభై ఒక్కమంది రవళి చుట్టూ చేరేవారు. ఆమె ఫోన్ చూసి చదివేది. ఒక్క బాలరాజ్‌కు మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు.

“ఇంట్ల నేనొక్కణ్ణి ఉన్న. నాకు చాయ్ లేదు గని, లేనోనికి ఎపిసోడ్ మీద ఎపిసోడ్” అనేవాడు.

“నువ్వు గూడ ఒక్క తలుపు కోసం కొట్లాడు. నీకు గూడ రాస్త” అనేది రవళి.

ఇక్కడిదాకా ఇది సాహిత్యం. ఇక్కడి నుంచి పరిపాలన.

జనవరిలో హెచ్‌ఆర్ ఆఫీసర్ శ్రీకాంత్ ఆమెను హాలు నుంచి పిలిపించాడు. నాలుగు రోజుల్లో ఆడిట్. మాత్రలు కొనే విదేశీ కంపెనీ తరఫున చెన్నై నుంచి మనిషి వస్తారు. సేఫ్టీ కమిటీ ఏడాది పొడుగునా నెలకొకసారి సమావేశమైనట్టు మినిట్స్ చూపించాలి. అందులో కార్మికుల ప్రతినిధి ఒకరు మాట్లాడినట్టు ఉండాలి. కమిటీ ఏనాడూ కూర్చోలేదన్నది ఒక చిన్న ఇబ్బంది.

“రవళీ, నువ్వు కథలు రాస్తవంట గద. జెర ఇది గూడ రాసియ్యమ్మా. పన్నెండు నెలలవి. ఇంగ్లిష్‌ల.”

“సార్, మీటింగులు ఎన్నడు అయినయ్?”

“అయినట్టే అనుకో.”

“ఏం మాట్లాడిండ్రు?”

“అంతా మంచిగనే ఉన్నదని మాట్లాడిండ్రు. ఏదో ఒకటి జెర అడిగినట్టు గూడ పెట్టు, లేకుంటే నిజం లెక్క కనిపియ్యదు.”

“వర్కర్ల తరఫున ఎవల పేరు పెట్టాలె సార్? నా పేరు పెట్టాల్నా?”

శ్రీకాంత్ కంగారుపడ్డాడు. “అరె, ఉన్నోళ్ల పేర్లు పెట్టకు! ఉన్నోళ్లయితే పిలిచి అడుగుతరు. పరేషాన్ అయితది. ఏదన్న ఒక పేరు పెట్టు. అడిగితే రిటైరైండని చెప్దాం.”

పాఠకులారా, ఒక రచయిత్రికి ఇంతకన్నా గొప్ప అవకాశం ఏ ప్రచురణకర్త ఇచ్చాడు? రవళి హెచ్‌ఆర్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ‘హాజరైనవారు’ అన్న చోట, పెద్దల పేర్ల కింద, ఇంగ్లిష్‌లో టైప్ చేసింది: సంగయ్య.

తరువాత హర్షిణి సూత్రాలను తు.చ. తప్పకుండా పాటించింది. ఉన్న కథను చెడగొట్టలేదు. కంపెనీ బాగుందని, చేతిగ్లవుజులు బాగున్నాయని, మంచినీళ్లు చల్లగా ఉన్నాయని సంగయ్య ప్రతి నెలా ఒప్పుకున్నాడు. చివర్లో మాత్రం, వెనుక తలుపు తాళం తీయించమని అడిగాడు. ఫిబ్రవరిలో డ్రమ్ములు లెక్కపెట్టి ఆరు అని చెప్పాడు. ఏప్రిల్‌లో పొగ కమ్మిన రోజును గుర్తుచేశాడు. జులైలో, పేరు ఎత్తకుండా, ఆగమ్మ మోకాలి గురించి మాట్లాడాడు. సెప్టెంబరులో, తన చెవి సరిగా వినపడదు కనుక పోయిన నెల ఏం జవాబు వచ్చిందో రాసి ఇవ్వమని వినయంగా కోరాడు.

ఇక్కడే రవళి ఒక పొరపాటు చేసింది. మినిట్స్ రాసే గుమాస్తా ఎవరైనా మరుసటి నెలలో ‘పని పూర్తయినది’ అని రాసి ముగిస్తాడు. ఆమె గుమాస్తా కాదు, సీరియల్ మనిషి. కోరిక తీరితే కథ ఆగిపోతుంది. అందుకని ప్రతి సమావేశాన్నీ ఒకే వాక్యంతో ఆపింది: ‘నిర్ణయం: వచ్చే సమావేశంలో.’ పన్నెండు నెలలు, పన్నెండు సస్పెన్స్‌లు!

శ్రీకాంత్ సోఫాలో కూర్చున్నాడు. ఫైలు తెచ్చారు. చదవకుండా పన్నెండు చోట్ల సంతకం పెట్టాడు. పిన్ని ఒక్కతే లేదు.

ఆ సాయంత్రం బస్సులో రవళి అత్తకు సంగతంతా చెప్పింది.

“సంగయ్యనా? మన కథల సంగయ్యనా?” అంది ఆగమ్మ. “లేనోడు అడిగితే ఇస్తరానే? మోకాలు పోయినదాన్ని, నేను అడిగితేనే ఇయ్యలే.”

“ఏమో అత్తమ్మా. కాయితంల ఉన్నడు గద.”

“కాయితంల ఉంటె ఏమైతది? మనం గూడ కాయితంలనే ఉన్నం, హాజరు పట్టీల. మనల సూసిన్రా?”

ఆడిటర్ వచ్చింది. నడివయసు స్త్రీ, కళ్లజోడు, వెంట ఒక సంచి. ఆమెకు కాఫీ ఇచ్చారు, పూలగుత్తి ఇచ్చారు, భద్రత మీద వీడియో చూపించారు. ఆ తరువాత ఆమె ఆ కంపెనీ చరిత్రలో ఎవరూ చేయని పని చేసింది. ఫైలు చదివింది.

జనవరి చదివింది. ఫిబ్రవరి చదివింది. జూన్ దగ్గర కాఫీ పక్కకు జరిపింది. డిసెంబరు అయ్యాక కళ్లజోడు తీసి శ్రీకాంత్‌ను చూసింది. ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్న సారాంశం ఇది: “ఒక కార్మికుడు పన్నెండు నెలలు ఒకే తలుపు అడిగాడు. పన్నెండుసార్లూ మీరు సంతకం పెట్టారు. ఆ తలుపు ఎక్కడ?”

శ్రీకాంత్ చూద్దామన్నాడు. ఆమె ‘చూద్దాం పదండి’ అని లేచి నిలబడింది.

ఆమె వెనుక శ్రీకాంత్, శ్రీకాంత్ వెనుక ప్లాంట్ మేనేజర్, ఆయన వెనుక పెద్దరాములు హాలులోకి వచ్చారు. డ్రమ్ములు జరిపారు. తాళంచెవి కోసం వెతికారు. సలహాల పెట్టె తాళంచెవి ఎక్కడుందో అదీ అక్కడే ఉన్నట్టుంది. చివరికి కటర్ తెచ్చి గొలుసు కోశారు. నలుగురు తోస్తే, ఎనిమిదేళ్ల తుప్పు కీచుమని తలుపు తెరుచుకుంది. అవతల ఎండ, కొన్ని తుమ్మచెట్లు, ఒక మేక. మేక ఆశ్చర్యపోయింది.

మొత్తం నలభై నిమిషాలు పట్టింది. ఉన్నవాళ్లు అడిగితే మూడేళ్లు. లేనివాడు అడిగితే నలభై నిమిషాలు. లెక్క మీరే వేసుకోండి!

అంతటితో ఆగితే బాగుండేది. ఆడిటర్ మురిసిపోయి, “ఆ సంగయ్య గారిని పిలవండి. నేను అభినందించాలి” అంది.

శ్రీకాంత్ రవళి వైపు చూశాడు. రిటైరైండని చెబుదామంటే పోయిన నెల సమావేశంలోనూ సంగయ్య హాజరే. దొంగ కాగితం రాసినందుకు ముందు పోయేది ఎవరి ఉద్యోగమో రవళికి తెలియనిది కాదు.

“ఇయ్యాల నాగా మేడం” అంది ఆగమ్మ, మోకాలు పట్టుకుని లేస్తూ. “సదాశివపేట పోయిండు, బిడ్డ తానికి.”

“మంచి మనిషి మేడం” అంది వెనుక నుంచి ఇంకొకామె. “ఎడమ చెవి ఇనపడది. కుడి దిక్కు నిలబడి చెప్పాలె.”

“బీడీ తాగడు.”

“ఒక్కటే మాట పట్టుకుంటడు గని, కోపం లేదు.”

“ముప్పై ఏండ్ల సర్వీసు.”

ఆడిటర్‌కు ఒకరు తర్జుమా చేస్తుంటే ఆమె అన్నీ రాసుకుంది. నలభై ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు, ఒక్కరి మాట ఇంకొకరి మాటతో విభేదించలేదు! నా నలభై ఏళ్ల అనుభవంలో ఏ బాబా విషయంలోనూ ఇంత పొందికైన సాక్ష్యం నాకు దొరకలేదు. దొరికి ఉంటే నేను ఏనాడో భక్తుణ్ణయ్యేవాణ్ణి.

‘కార్మికుల భాగస్వామ్యం: అత్యుత్తమం’ అని ఆమె నివేదికలో రాసి వెళ్లిపోయింది. మార్చిలో భద్రతా వారోత్సవం జరిగినప్పుడు ఉత్తమ ప్రతినిధి బహుమతి సంగయ్యకే వచ్చింది. స్టీలు ఫ్లాస్కు. ఆయన తరఫున శ్రీకాంత్ అందుకున్నాడు. ఫ్లాస్కు ఇప్పుడు అతని టేబుల్ మీదే ఉంది.

ఇప్పుడైనా ఒప్పుకుంటారా? యువత ఇలాంటి మనుషుల్ని ఇంకా ఇంకా పుట్టించాలి. వీధికొక సంగయ్య ఉండాలి. రోడ్డు గుంత గురించి మీరు అడగకండి. మీకు ఇంటి నంబరు ఉంది, ఫోన్ నంబరు ఉంది, మిమ్మల్ని ఎలా తిప్పాలో ఆఫీసులకు తెలుసు. లేనివాణ్ణి ఎవరు తిప్పగలరు?

నా వాదన ఇక్కడితో సంపూర్ణం. ఒక చిన్న అనుబంధం మాత్రం మిగిలింది. నిజాయితీ కోసం అది కూడా చెప్పాలి.

బహుమతి ఇచ్చిన పదో రోజున వెనుక తలుపుకు కొత్త గొలుసు వచ్చింది. ఆడవాళ్లు తుమ్మచెట్ల కింద నిలబడి ఫోన్లు మాట్లాడుతున్నారట. తాళం కూడా కొత్తదే. డ్రమ్ములు మాత్రం పాతవే, ఆరు.

ఆగమ్మ పెద్దరాములును అడిగింది. సూద్దామన్నాడు.

రవళి హెచ్‌ఆర్ గదికి వెళ్లింది. నెలనెలా మినిట్స్ రాసే పని ఇప్పుడు అధికారికంగా ఆమెదే. తలుపు వద్ద నిలబడి అడిగింది.

“సార్, సంగయ్య జాగల నన్ను పెట్టుండ్రి. కమిటీల నేనే కూసుంట. నేనే అడుగుత.”

శ్రీకాంత్ ఫ్లాస్కులోంచి చాయ్ వంచుకుంటూ నవ్వాడు. “నువ్వెందుకమ్మా? సంగయ్య ఉన్నడు గద! మంచిగ అడుగుతడు. ఆయనకు పేరొచ్చింది. ఇప్పుడు మార్చుడు ఎందుకు?”

“తలుపు మళ్ల మూసిండ్రు సార్.”

“అయితే గదే రాయి. వచ్చే జనవరిల మేడం వస్తది, చదువుతది.”

రవళి కూర్చుంది. ఏప్రిల్ సమావేశం. హాజరైనవారు: సంగయ్య. గ్లవుజులు బాగున్నాయి, మంచినీళ్లు చల్లగా ఉన్నాయి, వెనుక తలుపు తాళం తీయించవలసిందిగా కోరుతున్నాడు. నిర్ణయం: వచ్చే సమావేశంలో.

సంగయ్య జనవరి దాకా ఆగగలడు. పొగ వస్తే అతనికి ఊపిరి అక్కరలేదు. హాలులో ఊపిరి కావలసినవాళ్లు నలభై ఇద్దరే.